కంట్రోల్ గ్రూపులో మాణిక్యాంబ

తెర మీద రెండు గీతలున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. రెండూ చెట్టాపట్టాలేసుకుని కిందికి దిగుతున్నాయి.

నీలంది దిగకూడదు.

డాక్టర్ వకుళ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. గీతలు మారలేదు. పక్కనే ఉన్న భర్త శశిభూషణ్ వైపు అనుమానంగా చూసింది. అతను అదే తీరాంధ్ర విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ చెబుతాడు. ఈ ప్రయోగానికి లెక్కలు కట్టింది అతనే.

"ఎక్కడైనా పొరపాటు చేశారా?"

"నేను లెక్క తప్పేది కూరగాయల దగ్గరే," అన్నాడతను. "ఇది మూడుసార్లు చూశాను."

ముసలితనం ఎలా వస్తుందో కనిపెట్టాలని వకుళ పెళ్ళికి ముందు నుంచీ ఎలుకలతో కుస్తీ పడుతోంది. చచ్చిపోవాల్సిన వయసు ఎప్పుడో దాటిపోయినా, పంజరం తలుపు తీస్తే చాలు పారిపోయే ఒక మొండి ఎలుక పేగులో ఆమెకు ఓ సూక్ష్మజీవి దొరికింది. ముసలి కణం అంటే ఏళ్ళ తరబడి ఊడ్వని ఇల్లు. ఆ ఇంట్లో చీపురు పట్టే మనిషి ఉంటాడు కానీ నిద్రపోతుంటాడు. ఈ సూక్ష్మజీవి అతన్ని లేపి కూర్చోబెడుతుంది. అంతే. మిగతా పని అతనే చూసుకుంటాడు.

ఎలుకలూ, కుందేళ్ళూ అయ్యాక మనుషుల వంతు వచ్చింది. యూనివర్సిటీ వెనకాల రిటైరైన ఉద్యోగుల కాలనీ ఉంది. అక్కడి పెద్దలు సరదాపడి ముందుకొచ్చారు. చీటీలు వేసి వాళ్ళను రెండుగా విడగొట్టారు. ఎర్ర గ్రూపు వాళ్ళకు సూక్ష్మజీవి ఉన్న పొడి, పోల్చి చూడ్డానికి పెట్టుకున్న నీలం గ్రూపు, అంటే కంట్రోల్ గ్రూపు వాళ్ళకు అచ్చం అలాగే కనిపించే ఉత్త పాలపొడి. ఎవరిది ఏదో ఎవరికీ తెలీదు. రోజూ మజ్జిగలో కలుపుకుని తాగాలి. నెలకోసారి వేలి కొస నుంచి రక్తపు చుక్క తీస్తే, కణాల వయసెంతో ల్యాబులో యంత్రం చెబుతుంది.

ఆరు నెలలయ్యాక గ్రూపుల జాబితా విప్పారు. యంత్రం చెప్పిందేమిటంటే, మందు తిన్నవాళ్ళు పడుచువాళ్ళయ్యారు. తిననివాళ్ళు కూడా అంతే పడుచువాళ్ళయ్యారు.

శాస్త్రం దీన్ని ఒకే ఒక రకంగా అర్థం చేసుకుంటుంది. మందు పనికిరానిది. కాలనీలో గాలి మంచిదై ఉంటుంది.

నెల రోజుల్లో సమీక్ష సంఘం వస్తోంది. ఈ గీతలు వాళ్ళ ముందు పెడితే ల్యాబు మూతపడుతుంది. సూక్ష్మజీవిని ఆవిరి పెట్టెలో పెట్టి ఉడికించేస్తారు. వకుళ మళ్ళీ ఫస్టియర్ పిల్లలకు కప్ప బొమ్మలు గీసి చూపించాలి.

ఆమె చెప్పులేసుకుని కాలనీకి బయల్దేరింది.

*

కాలనీ గేటు దగ్గరే అనుమానం మొదలైంది. సంస్కృతం చెప్పి రిటైరైన అనంతాచార్యులు గారు ప్రహరీ గోడ మీద నిలబడి మునక్కాయలు కోస్తున్నారు. ఆయన నీలం గ్రూపు. పోయినేడాది ఈ టైముకి ఆయన్ను ఆటో ఎక్కించడానికి ఇద్దరు కావాల్సొచ్చేది. వకుళను చూసి గోడ మీంచే పలకరించి, తన గోడు వెళ్ళబోసుకున్నారు. పెన్షన్ వాళ్ళు ఏటా బతికున్నట్టు ముఖం చూపించమంటారట. ఈసారి కెమెరా ఆయన్ను గుర్తుపట్టలేదు. కౌంటర్లో అమ్మాయి మర్యాదగా, మీ నాన్నగారిని తీసుకురండి అందట.

అవతలి వీధిలో మాజీ అకౌంటెంట్లిద్దరు పార్కింగ్ గురించి కొట్టుకుంటున్నారు. ఇదివరకు నోటితో తిట్టుకుని ఆయాసపడి ఊరుకునేవారు. ఇప్పుడు కాలర్లు పట్టుకున్నారు.

దమయంతి గారి ఇంట్లో సంగతి బయటపడింది. ఆవిడ హోమ్ సైన్స్ హెడ్‌గా చేసి రిటైరయ్యారు. డెబ్భై దాటాయి. పాపిట్లో తెల్లగా ఉండాల్సిన చోట నల్లగా మొలకలొస్తున్నాయి. వకుళ వెళ్ళేసరికి పెరట్లో తాడాట ఆడుతున్నారు. ఆవిడా నీలం గ్రూపే. పొడి ఎలా తాగుతున్నారని వకుళ అడిగింది. చెప్పినట్టే, మజ్జిగలో అన్నారావిడ. ఆ మజ్జిగ ఎక్కడిదని అడిగింది. ఇంట్లో తోడుపెట్టిన పెరుగుదే. మరి తోడు?

"ఎదురింటి వాళ్ళది. వాళ్ళ పెరుగు రాయిలా తోడుకుంటోందమ్మా. కత్తితో కొయ్యచ్చు. ఓ చెంచాడు అడిగి తెచ్చుకున్నాను. తర్వాత నా దగ్గర పక్కింటావిడ, ఆవిడ దగ్గర చివరింటి వాళ్ళు. అంతా అదే వేస్తున్నాం."

ఎదురింటివాళ్ళు ఎర్ర గ్రూపు. మజ్జిగలో రోజూ కలపడం ఎందుకని పొడి తిన్నగా పాలగిన్నెలోనే వేసేశారట.

వకుళ అరుగు మీద కూలబడింది. ఎలుకల్లో చూసింది, కుందేళ్ళలో చూసింది, గాజు గొట్టాల్లో చూసింది. గోరువెచ్చని పాలలో వేస్తే తన సూక్ష్మజీవి పెరుగు బాక్టీరియాకు మేనత్త కొడుకులా కలిసిపోతుందని, ఒక్క చెంచాడు గిన్నె నుంచి గిన్నెకు పాకి వీధి వీధినంతా పడుచు చేసేస్తుందని ఆమెకు తోచనే లేదు. పెరుగు తోడుపెట్టే ఇంట్లో పుట్టి, పెరుగు తోడుపెట్టే ఇంటికి కోడలిగా వెళ్ళిన మనిషి.

ఆ వారమంతా భార్యాభర్తలు పాత మనిషి కోసం వెతికారు. కాలనీలో ఆ పెరుగు ముట్టనివాళ్ళు ఒక్కరైనా కావాలి. లైబ్రేరియన్‌గా చేసిన ఆయనకు పెరుగు వాసనే పడదని తెలిసి పరిగెత్తారు. ఆయనకు ఆవడలంటే ప్రాణమని అక్కడికెళ్ళాక తెలిసింది.

చివరికి శశిభూషణ్ సగటు గీతల్ని పక్కనపెట్టి ఒక్కో మనిషి చుక్కనూ విడివిడిగా తెర మీదికి తెచ్చాడు. చుక్కలన్నీ కిందికి జారాయి. ఒక్క నీలం చుక్క మాత్రం బుద్ధిగా పైకెళ్ళింది. ఆరు నెలల్లో ఆరు నెలలూ, పైన ఇంకాస్తా ముసలిదైంది.

వకుళకు ఆ చుక్కను ముద్దుపెట్టుకోవాలనిపించింది. శశిభూషణ్ దాని నంబరు చూసి, పేరు విప్పి చదివాడు.

"మా అమ్మ," అన్నాడు.

*

మాణిక్యాంబకు డెబ్భై నాలుగు. మడి మనిషి. కొడుకూ కోడలితో ఆ కాలనీలోనే ఉంటుంది; వాళ్ళిద్దరూ పొద్దున్నే యూనివర్సిటీకి పోయి చీకటిపడ్డాకే ఇల్లు చేరతారు. కాపురానికొచ్చిన రోజున పుట్టింటి నుంచి రాతి గిన్నెలో తెచ్చుకున్న పెరుగే ఆ ఇంట్లో ఇప్పటిదాకా నడుస్తోంది. బదిలీలైనప్పుడు రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఊరెళ్ళినా వెంట తీసుకెళ్ళేది. ఇంకొకరి తోడు తన గిన్నెలో పడనివ్వలేదు, ఇంకొకరి ఇంట్లో పెరుగన్నం తిననూ లేదు. చుట్టూ కాలనీ అంతా కుర్రకారైపోతుంటే ఆవిడొక్కతే తన పెరుగు తను తింటూ, పద్ధతిగా ముసలిదవుతూ వచ్చింది.

వకుళ ఆవిడ పక్కన చాప మీద కూర్చుని సంగతంతా చెప్పింది. మందు పనిచేసిందని రుజువు కావాలంటే మందు తినని మనిషి ఒకరుండాలని, ఆ ఒక్కరూ ఈవిడేనని చెప్పింది. చెబుతూ చెబుతూ ఉత్సాహం పట్టలేక, "మీరొక్కరే ముసలివాళ్ళయ్యారత్తయ్యా, నాకెంత సంతోషంగా ఉందో," అనేసింది.

"నీ సంతోషం బంగారం కానూ," అంది మాణిక్యాంబ. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

ఏమీ చెయ్యక్కర్లేదు. సంఘం వచ్చి రక్తం తీసేదాకా ఇలాగే ఉండాలి. బయట ఏదీ తినకూడదు. పరీక్ష అయిన సాయంత్రమే మొదటి చెంచా ఆవిడకే పెడతానని వకుళ మాటిచ్చింది. మాణిక్యాంబ కాసేపు ఆలోచించి, దానికి వేరే గిన్నె పెట్టాలని షరతు పెట్టి ఒప్పుకుంది.

ఒప్పుకోవడం తేలికే. ఉండటమే కష్టమైంది.

ఇదివరకు సాయంత్రమైతే ఆడవాళ్ళు ఆరుగురు కలిసి కాలనీ చుట్టూ నడిచేవారు. దాన్ని నడక అనడం పెద్దమాట. రెండడుగులు వేసి ఆగి ఒకరు మోకాలు గురించి చెబితే, ఇంకో రెండడుగులు వేసి ఇంకొకరు నడుము గురించి చెప్పేవారు. ఒక చుట్టు పూర్తయ్యేలోగా దీపాలు పెట్టే వేళయ్యేది. ఇప్పుడు వాళ్ళు షటిల్ ఆడుతున్నారు. "వదినగారూ, వస్తారా?" అని కేకేస్తారు. మాణిక్యాంబ చెప్పుల్లో కాళ్ళు పెట్టేలోపు మలుపు తిరిగిపోతారు. నొప్పులు ఎవరికీ లేవు కాబట్టి వాటి గురించి వినే ఓపికా ఎవరికీ లేదు. తన నడుము సంగతి ఆవిడ పాలవాడికి చెప్పడం మొదలుపెట్టింది. అతను గేటు దగ్గరే పాలు పెట్టి పోవడం మొదలుపెట్టాడు.

పైగా పెరుగు సంగతి కాలనీ అంతా పాకింది, అందరికీ ఆవిడ మీద జాలి. దమయంతి ఒకరోజు ఆవడలు పంపింది. ఇంకోరోజు గుడి నుంచి దద్దోజనం ప్రసాదమంటూ స్వయంగా తెచ్చి నోటి దాకా చెయ్యి చాపింది. మాణిక్యాంబ దాన్ని కళ్ళకద్దుకుని, తర్వాత తింటానని పక్కన పెట్టి, ఆవిడ వెళ్ళాక దేవుడికి క్షమాపణ చెప్పుకుని ఆవుకు పెట్టింది. ఆ ఆవు వీధిలో ఎవర్నీ నడవనివ్వడం లేదని తర్వాత ఫిర్యాదులొచ్చాయి.

సంఘం వచ్చే వారంలోనే ప్రమాదం జరిగింది. ఆడవాళ్ళ నవ్వులు వినిపించి, ఈరోజైనా అందుకుందామని మాణిక్యాంబ గబగబా మెట్లు దిగబోయి జారిపడింది. లేవలేకపోయింది. అందరికంటే ముందు వచ్చింది దమయంతి. ఎవరి సాయం కోసమూ చూడకుండా, ఆవిడను చంటిపిల్లలా రెండు చేతుల మీద ఎత్తుకుని తెచ్చి మంచం మీద పడుకోబెట్టింది. ఆయాసం కూడా రాలేదు.

డాక్టరు వచ్చి చూశాడు. ఎముక విరగలేదు, బెణికింది, కానీ ఈసారి పడితే విరిగే ఎముకేనని చెప్పి వెళ్ళాడు. మాణిక్యాంబ గోడ వైపు తిరిగి పడుకుంది. నొప్పికి కాదు. తనకంటే రెండేళ్ళు చిన్నది తనను ఎత్తుకొచ్చినందుకు.

*

మర్నాడు మధ్యాహ్నం వకుళ ల్యాబు నుంచి తొందరగా వచ్చేసింది. పైట కింద ఒక స్టీలు డబ్బా ఉంది. దారంతా తనతో తనే వాదించుకుంది. ప్రయోగం పోతే పోయింది. ముసలితనాన్ని ఆపే మందు కనిపెట్టి, ఇంట్లో ఉన్న ముసలావిడను పడిపోనిచ్చిందని రేపు ఎవరైనా అంటే ఏం సమాధానం చెబుతుంది? శశిభూషణ్‌కు చెప్పకూడదు. ఒక్క మనిషి కూడా మిగలకపోతే లెక్కంతా బూడిదేనని ఆయన రోజూ తల బాదుకుంటున్నాడు.

ఆమె పిల్లిలా వంటింట్లోకి అడుగుపెట్టింది. అక్కడ శశిభూషణ్, తన తల్లి మజ్జిగ గ్లాసు మీదికి వంగి ఉన్నాడు. చేతిలో చెంచా ఉంది. పక్కన దమయంతి గారింటి గిన్నె ఉంది.

ఇద్దరూ ఒకరి చేతిలోది ఒకరు చూసుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది వకుళ.

"పోయిన వారం నుంచి." అతను తల వంచుకున్నాడు. "నువ్వు?"

"ఇప్పుడే మొదలుపెడదామని."

"అయితే అమ్మ చుక్క కూడా దిగిపోయే ఉంటుంది. నేనే పాడు చేశాను. నీ ల్యాబు..."

"ఏమీ దిగలేదు," అంది గుమ్మం దగ్గర్నుంచి మాణిక్యాంబ. గోడ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి ఉంది. "ఒరే శశీ, నీ చిన్నప్పుడు ఆముదం పాలలో కలిపి పట్టినదాన్ని నేను. నాకు మజ్జిగలో కలిపి పడతావా? వారం నుంచీ నువ్విచ్చిన గ్లాసు గ్లాసులాగే దొడ్లో పారబోస్తున్నాను."

శశిభూషణ్ ఏదో చెప్పబోయాడు. వకుళ అతన్ని ఆపి, డబ్బా మూత తీసి ఆవిడ ముందు పెట్టింది. ఇక పరీక్షలూ వద్దు, సంఘమూ వద్దు, తినెయ్యండి అత్తయ్యా అంది. 

మాణిక్యాంబ డబ్బాలోకి చూసింది. తెల్లగా, గట్టిగా, అంచున ఒక్క నీటి చుక్కయినా లేని పెరుగు. కళ్ళు తిప్పుకోలేక కాసేపు అలాగే చూసి, మూత పెట్టేసింది.

"నన్ను అయిదో క్లాసులో బడి మాన్పించారు. పరీక్షలకు ముందు రోజు. మీ మామగారు ఎమ్మే, వీడు పీహెచ్‌డీ, నువ్వు డాక్టరువి. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే దేనికీ కూర్చోలేదు. ఇప్పటికి ఒక పరీక్ష వచ్చింది. దానికీ కాపీ కొట్టమంటారా?"

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ చెంచా ఎత్తలేదు.

*

సమీక్ష సంఘం అధ్యక్షుడు ఆచార్య దక్షిణామూర్తి. ప్రయోగాలను ఆపేయడంలో ఆయనకు మంచి పేరుంది. నెమ్మదిగా, ఎవరినీ నొప్పించకుండా ఆపేస్తారు. సెమినార్ హాల్లో ముందు వరసలో కూర్చుని, వకుళ చెప్పినదంతా విన్నారు. కాలనీ జనం వెనక బెంచీల్లో కిక్కిరిసి కూర్చున్నారు. కుర్చీలు చాలక అనంతాచార్యులు గారు కిటికీలో ఎక్కి కూర్చున్నారు.

మాణిక్యాంబను చేతికర్రతో నడిపించుకొచ్చి, అందరి ముందూ వేలి నుంచి చుక్క తీశారు. యంత్రం గుర్రుమని తిరిగి అంకె చూపించింది. ఉండాల్సినంత ముసలి. ఒక్క రోజు తక్కువ కాదు. హాలంతా చప్పట్లు కొట్టింది. తను ముసలిదైనందుకు జనం చప్పట్లు కొట్టడం ఆవిడకు వింతగా అనిపించినా, ఫస్టు మార్కులొచ్చిన పిల్లలా నిటారుగా నిలబడింది.

దక్షిణామూర్తి చప్పట్లు ఆగేదాకా ఆగారు. ఆ పెద్దావిడంటే తనకెంతో గౌరవమన్నారు. కానీ ఒక్కరితో ఏదీ రుజువు కాదన్నారు. ఆవిడ ముసలిదవడానికి వెయ్యి కారణాలుండొచ్చు. కనీసం సగం కాలనీ అయినా ఆ పెరుగు తినకుండా ఉండి చూపించాలి. అలాంటివాళ్ళు లేరు కాబట్టి ప్రయోగం ఇంతటితో ఆపి, ఆ పెరుగు గిన్నెలన్నీ స్వాధీనం చేసుకోవాల్సిందిగా సిఫార్సు చేస్తానని ఎంతో బాధగా చెప్పారు.

వెనక బెంచీల్లో కలకలం రేగింది. గిన్నెలు ఇచ్చేది లేదని ఎవరో అరిచారు. వకుళ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. అత్తగారి ఆరు నెలల నడుమునొప్పి, బెణికిన కాలు, పారబోసిన మజ్జిగ, అన్నీ వృథా అయ్యాయి.

"ఒక్కమాట బాబూ," అంది మాణిక్యాంబ. "ఇప్పటిదాకా తినలేదని చూపించాలా? లేకపోతే ఇకముందు మానేసి చూపించినా సరిపోతుందా?"

దక్షిణామూర్తి ఆలోచించి, అదీ ఒక పద్ధతేనన్నారు. తింటే పడుచుతనం, మానేస్తే ముసలితనం అని తేలితే కాదనేవాడెవడూ ఉండడు. కానీ కాలనీలో ఏ గిన్నె చూసినా అదే పెరుగు కదా. మాన్పించడమెలా?

"నా గిన్నె ఉంది. అందులో మా అమ్మ వేసిన తోడు తప్ప ఇంకోటి పడలేదు. సగం మందికి అది ఇస్తాను. ఇప్పుడున్నవి పారబోసి, గిన్నెలు మరగబెట్టుకుని ఇది మొదలుపెట్టమనండి."

శశిభూషణ్ అప్పటికే కాగితం తీసి గుణకారాలు మొదలుపెట్టాడు. ఆరు నెలలు సగం మంది, ఆ తర్వాత మిగతా సగం. దీనికంటే గట్టి రుజువు ఉండదని అతను అధ్యక్షుడికి చెబుతుంటే, ఆయన మాత్రం వెనక బెంచీల వైపు చూస్తున్నారు.

"బాగానే ఉందమ్మా. కానీ మళ్ళీ ముసలివాళ్ళవడానికి ఎవరు ఒప్పుకుంటారు?"

 అందరూ సీలింగు ఫ్యాన్లు చూశారు. అనంతాచార్యులు గారు కిటికీలోంచి అవతలికి ఒక కాలు వేశారు.

మాణిక్యాంబ కర్ర నేలకు ఆనించి వెనక్కి తిరిగింది.

"ఆరు నెలలు మీ అందరి బదులూ నేనొక్కదాన్నే ముసలిదాన్నయ్యాను," అంది. గొంతు పెంచలేదు. "ఇక వంతులు వేసుకుందాం."

ఎవరూ కదల్లేదు. తర్వాత తోడు మొదట ఇచ్చిన దమయంతి ఎదురింటావిడ లేచింది. ఆవిడ లేచిందని పక్కింటావిడ లేచింది. పార్కింగ్ అకౌంటెంట్లిద్దరూ ఒకడు లేస్తే తనెందుకు తగ్గాలని ఇంకొకడు పోటీపడి లేచారు. అనంతాచార్యులు గారు కాలు లోపలికి తీసుకుని, ఎలాగూ పెన్షన్ కావాలి కదా అని గొణుక్కున్నారు.

చీటీలు అక్కడికక్కడే రాశారు, సగం మాణిక్యాంబ పాత పెరుగుకు, సగం కాలనీ కొత్త పెరుగుకు. శశిభూషణ్ ఒక ఖాళీ టిఫిన్ డబ్బాలో వేసి బాగా కలిపాడు. మాణిక్యాంబ అందరితో పాటు వరసలో నిలబడింది. మీరు తియ్యక్కర్లేదత్తయ్యా, మీ వంతు ఎప్పుడో అయిపోయిందని వకుళ చెవిలో చెప్పింది. చీటీ అంటే అందరికీ చీటీయేనని ఆవిడ వినలేదు. డబ్బాలో చెయ్యి పెట్టి, ఒకటి తీసి, చదవమని కొడుక్కిచ్చింది.

శశిభూషణ్ చీటీ విప్పాడు. అతని ముఖం చూడగానే వకుళకు అర్థమైపోయింది.

"పాత పెరుగు," అన్నాడు. "అమ్మా, ఇది చెల్లదు. మళ్ళీ తీద్దాం."

"లెక్కల మాస్టారువి, నువ్వే అలా అంటే ఎలారా?" మాణిక్యాంబ చీటీ లాక్కుని జాకెట్లో దోపుకుంది. కళ్ళు ఒక్క క్షణం తడిసినట్టనిపించాయి. చెంచా ఇంకో ఆరు నెలలు వెనక్కి జరిగింది. వకుళ ఆవిడ భుజం పట్టుకుంది. 

ఆవిడ వెనకాల నిలబడ్డ దమయంతి అప్పుడే తన చీటీ విప్పుకుంది. చదివింది. ఎవరూ చూడకుండా మడతపెట్టి మళ్ళీ డబ్బాలోకి జారవిడవబోయింది. మాణిక్యాంబ చటుక్కున ఆ మణికట్టు పట్టుకుంది. విడిపించుకోవడం దమయంతికి ఆ రోజు చిటికెలో పని. విడిపించుకోలేదు.

"నాకూ పాత పెరుగే వచ్చింది, వదినగారూ." దమయంతి గొంతు సన్నబడింది. "నా మోకాళ్ళు మళ్ళీ నొప్పెడతాయా?"

"పెడతాయి," అంది మాణిక్యాంబ. ఆ మణికట్టు వదలకుండా, చాలా రోజుల తర్వాత మొదటిసారి, నోరారా నవ్వింది. "ఎడమదా, కుడిదా? రేపు నడుస్తూ వివరంగా చెబుదురుగాని."